నాన్న అంబాసిడర్ వెల... అరవై వేలేనా?

ఓ తెల్ల అంబాసిడర్‌ని ఊహించుకోండి. 1978 మోడల్, మార్క్ 3. గుంటూరులో ఓ లెక్చరర్ గారు ముచ్చటపడి కొనుక్కున్నది. పెద్దకూతురు అత్తారింటికి వెళ్లింది అందులోనే. మనవడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిందీ అందులోనే. ఆయన పోయాక కొడుకు దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఆర్నెల్లు ఉంచి, మూడున్నర లక్షలు పెట్టి మళ్లీ పెళ్లికొడుకుని చేయించాడు. ఆదివారం పొద్దున్నే తుడవడం, ఓ నాలుగు కిలోమీటర్లు తిప్పి తేవడం... ఆ ఇంట్లో అదో పూజ.

అలాంటి ఓ ఆదివారం బానెట్ సందుల్లోంచి పొగ! పావుగంటలో ముందు భాగమంతా నల్లబడిపోయింది. మనుషులకేం కాలేదు, అదే పదివేలు. నాలుగోనాడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫోను.

‘‘సార్, పాలసీలో మీ కారు విలువ అరవై వేలు. రిపేరుకి లక్షా ఎనభై వేలవుతుందని షెడ్డువాళ్లు రాశారు. కాబట్టి టోటల్ లాస్. ఆర్‌సీ, తాళాలు ఇచ్చేయండి. వెయ్యి తీసేసి యాభై తొమ్మిది వేలు మీ ఖాతాలో వేస్తాం.’’

‘‘మరి కారు?’’

‘‘కారు మేం తీసుకెళ్లిపోతాం సార్.’’

ఈ కుటుంబం కల్పితం. లెక్క మాత్రం కాదు. పాతకారుని ప్రాణంలా చూసుకునే ఏ ఇంట్లోనైనా నిప్పంటుకున్న నాలుగోనాడు వినిపించే మాటలివే. విచిత్రం ఏమిటంటే, కంపెనీ ఇందులో మోసమేమీ చేయడం లేదు. ఆ అరవై వేలు రాయించుకున్నది సొంతదారే!

ఎలాగంటే... కారు ఇన్సూరెన్స్‌లో ఐడీవీ అని ఓ అంకె ఉంటుంది. కారు మొత్తం పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. కొత్తకారుకైతే దీనికో పట్టిక ఉంది. ఏడాది దాటితే ఇరవై శాతం, రెండేళ్లు దాటితే ముప్ఫై, మూడేళ్లు దాటితే నలభై... అలా తరుగు తీస్తారు. ఐదేళ్లు దాటిన కార్లకూ, తయారీ ఆగిపోయిన మోడళ్లకూ పట్టిక లేదు. ‘కంపెనీ, సొంతదారు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి’ అని మాత్రమే ఉంది. అంటే విలువ చెప్పే అవకాశం మనకీ ఉందన్నమాట. దాన్ని వాడుకునేవాళ్లెందరు? ‘పాత విలువే వేసేద్దామా సార్, ప్రీమియం తగ్గుతుంది’ అని ఏజెంటు ఫోన్లో అడుగుతాడు. ఏదో పనిలో ఉండి ‘ఆఁ, కానీండి’ అంటాం. అయిపోయింది!

మూడు లక్షలకు రాయించుకోవాలంటే ఆధారాలు కావాలి. బాగుచేయించినప్పటి బిల్లులు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, లైసెన్సున్న సర్వేయరు ఇచ్చిన వాల్యుయేషన్... వీటితో రెన్యువల్‌కి నెలరోజుల ముందే అడగాలి. ప్రీమియం పెరుగుతుంది, అందులో దాపరికం లేదు. 2002 నాటి టారిఫ్‌లో పదేళ్లు దాటిన ఈ సైజు కారుకి సొంత నష్టం ప్రీమియం విలువలో మూడున్నర శాతం దరిదాపుల్లో ఉండేది. 2007 నుంచి కంపెనీలు ఎవరి రేటు వాళ్లే పెట్టుకుంటున్నాయి. పాత లెక్కే పట్టుకున్నా రెండు లక్షల నలభై వేల అదనపు విలువకి ఏటా ఎనిమిది వేల పైమాటే. చిన్న మొత్తమేం కాదు. కానీ మూడున్నర లక్షలు పోసి చేయించిన బండిని అరవై వేలకి రాయించడం పొదుపు అనిపించుకోదు.

అన్నట్టు, 2002 టారిఫ్‌లో ‘వింటేజ్ కారు’ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కారు. వాటికి ప్రీమియంలో పాతిక శాతం రాయితీ ఉండేది. అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులకి ఆ లెక్క వర్తించదు. ఇంట్లోవాళ్లకి ఎంత అపురూపమైనా పాలసీ దృష్టిలో అవి ఉత్త పాతకార్లే.

ఇంకో సంగతి. పాతబండే కదా అని చాలామంది థర్డ్ పార్టీ పాలసీతో సరిపెడతారు. దాంతో సొంత కారు కాలితే పైసా రాదు. పూర్తి పాలసీ భారమనుకుంటే థర్డ్ పార్టీకి అగ్నిప్రమాదం, దొంగతనం మాత్రం కలిపి ఇచ్చే ఏర్పాటు పాత టారిఫ్‌లో ఉంది. ఇప్పుడు ఏ కంపెనీ ఇస్తుందో అడిగి చూడటం మంచిది.

సరే, నిప్పంటుకున్న రోజుకి వద్దాం. పొగ కనబడగానే ఎవరైనా చేసే మొదటి పని బానెట్ ఎత్తడం. చేయకూడని పని కూడా అదే. లోపల ఊపిరాడక మగ్గుతున్న మంటకి ఒక్కసారిగా గాలి అందుతుంది. ఇంజిన్ ఆపి, అందరినీ దూరంగా పంపి, 101కి ఫోన్ చేయాలి. చేతిలో సిలిండర్ ఉంటే బానెట్ కొద్దిగా మాత్రమే తెరిచి ఆ సందులోంచి కొట్టాలి. అదీ మంట చిన్నదైతేనే. కారు మళ్లీ వస్తుంది, మొహం కాలితే రాదు.

ఫైర్‌స్టేషన్ వాళ్లు వచ్చి వెళ్లాక వాళ్ల రిపోర్టుకి అర్జీ పెట్టాలి. పోలీస్‌స్టేషన్లో డైరీ ఎంట్రీ ఉంటే మేలు, పక్కవాళ్ల ఆస్తికి నష్టం జరిగితే తప్పనిసరి. కంపెనీకి అదేరోజు ఫోనూ, దాంతోపాటు మెయిలూ పంపాలి. ఆ మెయిల్లో ఒక వాక్యం మరవకూడదు... ‘ఈ కారుని బాగుచేయించి మళ్లీ నడుపుకొనే ఉద్దేశంతో ఉన్నాను.’ ఇదెందుకో ముందు తెలుస్తుంది.

క్లెయిము ఫారంలో ‘కారణం’ అనే గడి ఉంటుంది. చాలామంది తడబడేది అక్కడే. ‘మెకానిక్ వైరు సరిగా వేయలేదేమో’, ‘పైపు పాతబడిందేమో’ అని ఊహలు రాస్తారు. చూసింది మాత్రమే రాయాలి. ఎన్నింటికి, ఎక్కడ, ముందు ఏ వైపు నుంచి పొగ వచ్చింది, అప్పుడు ఇంజిన్ నడుస్తోందా ఆగి ఉందా... అంతే. కారణం తేల్చడం సర్వేయరు పని.

నిజానికి అంబాసిడర్లో నిప్పుకి దారులు కొత్తవేం కావు. ఆ ఇంజిన్లో కార్బురేటరూ, వేడెక్కే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకేవైపు ఉంటాయి. పైనుంచి పెట్రోలు చుక్క జారితే పడేది సెగ మీదే. దానికితోడు గట్టిపడి బీటలిచ్చిన రబ్బరు పైపులు, ఫ్యూజుల్లేని పాత వైరింగు, దాన్ని కొరికే ఎలుకలు! ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపుల్నీ గాస్కెట్లనీ మార్చుకోవడం మరీ అవసరమైంది. అలాంటి పెట్రోలు పోస్తే ఇన్సూరెన్స్ చెల్లదన్న ప్రచారం ఒకటి నడిచింది. అందులో నిజం లేదని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది.

‘షార్ట్ సర్క్యూట్ అంటే ఎలక్ట్రికల్ లోపం, అది పాలసీలో రాదు’ అని ఎవరైనా అంటే వెంటనే తలూపక్కర్లేదు. ప్రైవేటు కారు పాలసీలో సొంత నష్టం కింద అగ్నిప్రమాదం, పేలుడు, తనంతట తాను అంటుకోవడం, పిడుగుపాటు... ఇవన్నీ మొదటి వరుసలోనే ఉన్నాయి. అరుగుదల, ఎలక్ట్రికల్ లోపం మినహాయింపుల్లో ఉన్న మాటా నిజమే. చెడిపోయిన ఆ ఒక్క భాగం ఖర్చు కోస్తామంటే అర్థముంది. దానివల్ల పుట్టిన మంట చేసిన నష్టాన్ని కోస్తామంటే మాత్రం రాతపూర్వకంగా చెప్పమనాలి.

సొంతదారు చేతులారా చెడగొట్టుకునే సందర్భాలు వేరు. ఆర్‌సీలో, పాలసీలో ఎక్కించకుండా ఎల్పీజీ కిట్ బిగించుకోవడం ఒకటి. పెళ్లి ఊరేగింపుకో సినిమా షూటింగుకో కారుని అద్దెకివ్వడం రెండోది. ప్రైవేటు పాలసీ అద్దె వాడకానికి వర్తించదు. పాతకాలం కథ తీస్తున్నారని బండి అడిగితే మురిసిపోయి ఇచ్చేస్తుంటారు. సెట్‌లో నిప్పు రాజుకుంటే అప్పుడు ఎవరూ బాధ్యులు కారు!

సర్వేయరు వచ్చేదాకా కారుని కదపొద్దు, కడగొద్దు అంటారు. ఇక్కడో చిక్కుంది. మంటలార్పే పొడి అలాగే ఉండిపోతే, తేమ తగిలి కార్బురేటర్ లాంటి అల్యూమినియం భాగాల్ని తినేస్తుంది. నిప్పు మిగిల్చినదాన్ని పొడి పాడుచేస్తుందన్నమాట. కాబట్టి అన్నివైపుల నుంచీ ఫొటోలు, వీడియో తీసి సర్వేయరుకి పంపి, ‘పొడి శుభ్రం చేయించమంటారా’ అని మెసేజ్‌లో అడగాలి. ఆయన సరేనన్న జవాబు దాచుకోవాలి. కాలిన ముక్క ఒక్కటి కూడా పారేయొద్దు. షెడ్డుకి లాక్కెళ్లే ఖర్చు మామూలు పాలసీలో 1,500 రూపాయల దాకానే ఇస్తారు. మిగతాది మన జేబులోంచే.

ఇక అసలు ఘట్టం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. అరవై వేలలో 75 శాతమంటే నలభై ఐదు వేలు. పాతకారు బానెట్ కింద కాస్త నిప్పంటుకుంటే చాలు, అది దాటిపోతుంది. అయితే ఆ ఖర్చుని ‘పాలసీ నిబంధనలకు లోబడి’ లెక్కించాలని పాలసీలోనే ఉంది. అంటే షెడ్డువాళ్లు రాసిన ఎస్టిమేటు కాకుండా, తరుగు తీసేశాక తేలే మొత్తాన్ని చూడమని అడగొచ్చు. అంచు మీద ఊగే కేసుల్లో ఇది కారుని నిలబెడుతుంది. మన అంబాసిడర్ విషయంలో అదీ సాయపడదు.

అప్పుడు కారు పోవాల్సిందేనా? అక్కర్లేదు. చాలామందికి ఎవరూ చెప్పని దారి ఒకటుంది. నష్టపోయిన కారు తుక్కు విలువని పరిహారంలోంచి తీసేసి, కారుని సొంతదారు దగ్గరే వదిలే పద్ధతి. దీన్ని కంపెనీవాళ్లు ‘నెట్ ఆఫ్ సాల్వేజ్’ అంటారు. తుక్కు ఇరవై వేలు పలికిందనుకోండి. అరవైలోంచి అది తీసి, తప్పనిసరి కోత వెయ్యి తీస్తే ముప్ఫై తొమ్మిది వేలు చేతికొస్తాయి. కారు ఇంట్లోనే ఉంటుంది. యాభై తొమ్మిదికీ ముప్ఫై తొమ్మిదికీ తేడా నాన్న కారు!

ఈ పద్ధతిలో ఓ మెలిక ఉంది. తుక్కుకి ధర ఆర్‌సీతో కలిపి ఒకటి, ఆర్‌సీ లేకుండా ఒకటి కడతారు. ఆర్‌సీ రద్దు చేయించి తెస్తేనే చెక్కు అంటే ఒప్పుకుంటే ఆ తర్వాత ఎంత బాగుచేయించినా కారు రోడ్డెక్కలేదు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం వాహనం పూర్తిగా ధ్వంసమైతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో సొంతదారు పద్నాలుగు రోజుల్లోగా, కుదరకపోతే వీలైనంత త్వరగా రిజిస్టరింగ్ అధికారికి చెప్పి ఆర్‌సీ పంపాలి. ముందుభాగం కాలిన కారు శాశ్వతంగా పనికిరానిది కాదు. తొలిరోజు మెయిల్లో ‘బాగుచేయించుకుంటాను’ అన్న వాక్యం ఉండాలన్నది ఇందుకే.

ఇప్పుడు అదే కారు మూడు లక్షలకి రాయించి ఉంటే? 75 శాతమంటే రెండు లక్షల పాతిక వేలు. ఎస్టిమేటు లక్షా ఎనభై వేలే కాబట్టి నిక్షేపంగా రిపేరు క్లెయిము. అలాగని మొత్తం వచ్చేయదు. పదేళ్లు దాటిన కారులో లోహపు భాగాలకి సగం కోత. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి వయసుతో పనిలేకుండా సగం కోత. ఫైబర్‌గ్లాస్‌కి ముప్ఫై శాతం. అద్దాలకి కోత లేదు. పెయింటింగ్ మొత్తానికి ఒకే బిల్లు ఇస్తే అందులో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కేసి, దాన్లో సగం తీసేస్తారు.

లక్షా ఎనభై వేలని విడగొట్టి చూద్దాం. లోహపు భాగాలు అరవై వేలైతే వచ్చేది ముప్ఫై. రబ్బరు, ప్లాస్టిక్ వగైరా నలభైకి ఇరవై. అద్దాలు పదికి పది. పెయింటింగ్ ముప్ఫై వేలకి ఇరవై ఆరువేల రెండొందల యాభై. కూలి నలభైకి నలభై. కలిపితే లక్షా ఇరవై ఆరువేల రెండొందల యాభై. వెయ్యి తీసేస్తే 1,25,250.

ఈ లెక్కలో గమనించాల్సింది ఒక్కటే. కూలికి కోత లేదు! కొత్త బానెట్ కొంటే సగమే వస్తుంది. ఉన్న బానెట్‌నే టింకరింగ్ మేస్త్రీ చేత సరిచేయిస్తే ఆ కూలి మొత్తం వస్తుంది. మేస్త్రీలు మామూలుగా మార్చేద్దామనే అంటారు. ‘సెగకి రేకు మెత్తబడి అలలు తేలింది సార్, ఎంత కొట్టినా నున్నగా రాదు’ అంటారు. ఒక్కోసారి అది నిజం కూడా. బానెట్ మధ్యభాగం బాగా కాలితే మార్చక తప్పదు. మడ్‌గార్డులు, ముందు ప్యానెల్ మాత్రం ఓపికున్న మేస్త్రీ చేతిలో తిరిగొస్తాయి. ‘మేస్త్రీ గారూ, రోజులు పట్టినా ఫర్వాలేదు, ఉన్నదాన్నే నిలబెట్టండి’ అని అడగటంలో తప్పులేదు. పాత రేకు మందం ఈరోజు దొరికే నకలు రేకుకి ఉండదని వాళ్లకీ తెలుసు.

పాత రేకుని నిలబెట్టుకోవడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన కార్లకీ ద్విచక్రవాహనాలకీ వింటేజ్ హోదా ఇస్తారు. ఫీజు ఇరవై వేలు, పదేళ్ల గడువు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకీ వ్యాపారానికీ పనికిరాదు కానీ ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు. 2022 జూన్ నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల్లో ఇలాంటి కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం రాయితీ కూడా ఇచ్చారు. షరతు ఏమిటంటే చాసిస్‌నీ బాడీనీ ఇంజిన్‌నీ భారీగా మార్చి ఉండకూడదు. 1978 మోడల్ అంబాసిడర్‌కి యాభై నిండేది 2028లో. నిప్పు పేరు చెప్పి హడావుడిగా వేరే బాడీ ఎక్కించేస్తే ఆ హోదా చేజారిపోయినట్టే.

చాసిస్ నంబరు సంగతి కూడా మేస్త్రీకి మొదటిరోజే చెప్పాలి. కాలిన రేకు కోస్తూ కోస్తూ నంబరు కొట్టిన ముక్క కూడా కోసేశారంటే ఆర్టీఏ ఆఫీసులో ఇక ఆ కారు ఆ కారు కాదు. పని మొదలయ్యే ముందే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని, ఫొటో కూడా తీసి సర్వేయరు చేత చూపించుకుంటే సరి. ఇంజిన్ మార్చాల్సి వస్తే చట్టం 52వ సెక్షన్ కింద ముందు అనుమతి ఉండాలి.

సామాను వెతుకులాట మరో లోకం. అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో కాబట్టి ఇంకా అదృష్టమే. ఆటోనగర్‌లో లేకపోతే చెన్నై పుదుపేటలో, అక్కడా లేకపోతే కోల్‌కతా మల్లిక్‌బజార్‌లో దొరుకుతుంది. స్టాండర్డ్ హెరాల్డ్ వాళ్లని అడగండి, ఒక్క గ్రిల్లు కోసం ఎన్ని ఊళ్లు తిరగాలో చెబుతారు. చిక్కల్లా బిల్లు దగ్గరే. పాత సామాను కొట్లలో ‘బిల్లా... దేనికి సార్?’ అంటారు. బిల్లు లేని వస్తువుకి కంపెనీ డబ్బివ్వదు. కొనేముందే సర్వేయరుకి వస్తువు ఫొటో, ధర పంపి ఒప్పించుకోవాలి. జీఎస్టీ నంబరున్న షెడ్డు ద్వారా కొనిపిస్తే బిల్లు తలనొప్పి సగం తగ్గుతుంది.

వైరింగ్ దగ్గర మాత్రం పాతదనానికి పట్టుబట్టకూడదు. మొత్తం కొత్తది వేయించి, ప్రతి లైనుకీ ఫ్యూజు పెట్టించి, బ్యాటరీ దగ్గర కట్‌ఆఫ్ స్విచ్ బిగించడమే మేలు. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయించాలి. ఈ అదనపు పనులకి కంపెనీ ఇవ్వదు, వాటి బిల్లు విడిగా రాయించుకోవాలి. కలిపి రాస్తే అసలు బిల్లు మీద కూడా అనుమానం వస్తుంది.

పని పూర్తయ్యాక సర్వేయరు మళ్లీ వచ్చి చూస్తారు. మార్చిన పాత భాగాల్ని అప్పటిదాకా షెడ్డులో ఓ మూల ఉంచాలి. ఆయన ఎంతకి ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు కోశారో తెలియాలంటే సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోవచ్చు. చాలామంది అడగరు. చేతికొచ్చిన చెక్కు చూసి నిట్టూర్చి ఊరుకుంటారు.

లెక్క నచ్చకపోతే ‘పూర్తి పరిష్కారంగా అందుకున్నాను’ అన్న వోచరు మీద గుడ్డిగా సంతకం పెట్టొద్దు. అభ్యంతరంతో తీసుకుంటున్నట్టు రాయాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాసి నెలరోజులు చూడాలి. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. యాభై లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫైర్‌స్టేషన్ రిపోర్టు, సర్వే రిపోర్టు, ఫొటోలు, షెడ్డు బిల్లులు, తొలిరోజు పంపిన ఆ మెయిలు... ఇవి ఓ ఫైల్లో వరుసగా పెట్టుకుని వెళ్తే చాలు.